నీళ్ళు పోసి నెట్టుకొచ్చే బండి

భద్రాచలం రోడ్ అనే రైల్వే స్టేషను ఉన్నది కొత్తగూడెంలో. అక్కడి నుండి రాములవారి సన్నిధికి సుమారు 40 కిలోమీటర్లు రోడ్డు ప్రయాణమే. 1965లో గోదావరిపై వంతెన వచ్చినది మొదలు ఆ దారిన వాహనాల రద్దీ పెరుగుతూనే ఉన్నది. శ్రీరామనవమి వచ్చేదేమో ఎండలు ముదిరే వేళ. ఆ రోజుల్లో దారి పొడవునా ఒకటే మాట వినవస్తుంది: "ఇంజను వేడెక్కింది, కాసిని నీళ్ళు పోస్తే సరి." ఈ మాటతోనే నాకు పేచీ.

కూలెంటు పెట్రోలువలె ఖర్చయ్యే వస్తువు కాదు. మూసిన వలయంలో తిరిగే ద్రవం. దాని మట్టం మాటిమాటికీ కనిష్ఠపు గీత దిగువకు జారుతున్నదంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. నీళ్ళు పోసినకొద్దీ కారుడు మరుగునపడుతుంది. తుప్పును ఆపే రసాయనాలు, మరుగుస్థానాన్ని పెంచే గ్లైకాల్ పలుచనవుతాయి. బోరునీటి లవణాలు సన్నని గొట్టాలలో పెచ్చులు కడతాయి. రేడియేటరులో పసుపు పోసే చిట్కా రంధ్రాన్ని కాసేపు మూసినా మూయవచ్చు. ఆ గొట్టాలను మూసే ప్రమాదమూ ఉన్నది.

కారుడును కనిపెట్టడం బ్రహ్మవిద్య కాదు. ఏసీ నుండి రాలేది రంగులేని నీరు. దానికి కంగారు పడనక్కరలేదు. పచ్చగానో గులాబీగానో ఉండి, వేలికి జిగురుగా తగిలితే అది కూలెంటు. రాత్రి బండి కింద అట్టముక్క పరచి ఉంచితే ఉదయానికి చుక్క పడిన చోటు తెలుస్తుంది. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే పైపుల చివర్లు, క్లిప్పులు, వాటర్ పంపు, రేడియేటరు అంచులు, మూత చూడాలి. ఎండిన మరకలు, తెల్లని పొక్కులు దారి చూపుతాయి. లోపల తీపి వాసన వచ్చి కాళ్ళ దగ్గరి తివాచీ తడిస్తే హీటరును అనుమానించాలి. ఆయిలు పాలవలె మారితే హెడ్ గ్యాస్కెట్ సంగతి చూడాలి. ఏదీ కనబడకుంటే మెకానిక్కు చేతిపంపుతో ఒత్తిడి ఎక్కించి పరీక్షిస్తాడు. ముల్లు దిగితే కారుతున్నట్టే.

వేడి మీద మూత తీయరాదు. ఒత్తిడి తగ్గిన మరుక్షణం మరిగే ద్రవం ముఖాన చిమ్ముతుంది. మరొక మాట: ద్రవం బాగా తగ్గి సెన్సారుకు అందకపోతే డాష్‌బోర్డు ముల్లు తక్కువ వేడిని చూపవచ్చు. దానిని నమ్మి ముందుకు సాగిన బండికి ఇంజనే పోవచ్చు.

ఇదంతా బండి యజమాని సొంత గొడవ అందామా? కూలెంటులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తీయగా ఉండే విషం; మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కాలిఫోర్నియాలో 1992లో, అడవిలోకి విడిచిన ఒక కాండర్ పక్షి దానివల్లనే మరణించింది. మన దారికి చేరువలో కిన్నెరసాని అభయారణ్యం ఉన్నది. చింతూరు దాటితే మారేడుమిల్లి వరకూ అడవే. వేసవిలో నీటికై అల్లాడే మూగజీవులకు రోడ్డు పక్క తీపి మడుగు ఏమవుతుందో ఆలోచించండి.

అద్దె బండి డ్రైవరుకు "నీళ్ళు పోసుకుని వచ్చెయ్యి" అని ఫోనులో చెప్పే యజమానులు ఈ లెక్క వేయరు. పాతబడిన పైపును, వదులైన క్లిప్పును సకాలంలో మార్చడం ఇంజను విప్పడం కన్నా ఎంతో చౌక. యాత్రకు బండి మాట్లాడుకొనేవారు కిలోమీటరు ధరతోపాటు కూలెంటు మట్టాన్నీ అడిగి చూడడం అలవాటు చేసుకోవాలి.