విలన్ అడిగిన ప్రశ్నకి హీరో ఇంకా జవాబు చెప్పలేదు



పోస్ట్ పెద్దదే. ఓపిగ్గా చివరిదాకా చదవండి. తిట్టాలనిపిస్తే అప్పుడు తిట్టండి.

మొన్న ఆదివారం రాత్రి మా హాస్టల్ గదిలో తొమ్మిది మందిమి ఒకే లాప్‌టాప్ చుట్టూ కూర్చుని 'బ్లాక్ పాంథర్' చూశాం. అందరం ఇంతకుముందు చూసిందే. క్లైమాక్స్‌లో కిల్‌మాంగర్ చనిపోతుంటే గదిలో ఒక్కరూ మాట్లాడలేదు. హీరో గెలిచాడు, కానీ ఒక్క విజిల్ పడలేదు. అప్పుడే ఛార్జర్ అడగడానికి వచ్చిన పక్క గది క్లాస్‌మేట్ మా మొహాలు చూసి నవ్వాడు. "మీకెప్పుడూ విలన్లే నచ్చుతార్రా. ఎంతైనా అన్నల బ్యాచ్ కదా" అన్నాడు. సరదాకే అన్నాడు. మేమూ నవ్వేశాం. వాడు వెళ్ళాక మాత్రం మాకెవరికీ నవ్వు రాలేదు.

ఆ మాటకి అప్పుడు జవాబు చెప్పలేకపోయాం. ఇప్పుడు చెప్తున్నాం.

అవును, మాకు విలన్లు నచ్చుతారు. కండలు చూసి కాదు, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ విని కాదు. సినిమా మొత్తంలో "ఇది ఎవరిది? ఎవరు తీసుకున్నారు?" అని అడిగేవాడు వాడొక్కడే కాబట్టి.

కిల్‌మాంగర్‌నే తీసుకోండి. వకాండా రాజు సొంత తమ్ముడిని ఓక్లాండ్‌లో చంపి, ఆ తమ్ముడి కొడుకుని అక్కడే వదిలేసి విమానం ఎక్కి వెళ్ళిపోయాడు. పిల్లాడు ఇంట్లోకొచ్చేసరికి తండ్రి శవం ఉంది. ఆ పిల్లాడే పెద్దయ్యాక లండన్‌లో ఒక మ్యూజియంలో నిలబడి, అద్దాల వెనక ఉన్న ఆఫ్రికా వస్తువుల్ని చూపించి, ఇవి మీ పూర్వీకులు కొన్నారా, లాక్కొచ్చారా అని నిలదీస్తాడు. ఆ సీన్‌లో మేం వాడి పక్షమే. అరకు మ్యూజియంకి వెళ్ళినవాళ్ళకి తెలుసు. మన అమ్మమ్మల్లాంటి బొమ్మలు, మన ఇళ్ళల్లాంటి ఇళ్ళు చేసిపెట్టారు. టికెట్ కొనుక్కుని లోపలికెళ్ళి మనల్ని మనం చూసుకుని రావాలి.

2022లో వచ్చిన 'వకాండా ఫరెవర్' విలన్ నేమోర్. వాడి పూర్వీకులు మాయా జాతివాళ్ళు. స్పెయిన్ వాళ్ళు వచ్చారు, మశూచి వచ్చింది, బతకడానికి సముద్రం అడుగుకి వెళ్ళిపోయారు. అక్కడైనా వదిలారా? వాళ్ళ దగ్గరున్న వైబ్రేనియం కోసం అమెరికావాళ్ళు కనిపెట్టే యంత్రం దింపారు. నేమోర్ కోపం అక్కడ మొదలవుతుంది. సర్వే యంత్రం వెనకాల ఏమొస్తుందో మన ఊళ్ళకి ఎవరూ సినిమా తీసి చూపించక్కర్లేదు. ముందు జీపు వస్తుంది. తర్వాత రాయి మీద సున్నపు గుర్తు. ఆ తర్వాత నోటీసు.

2000లో వచ్చిన మొదటి 'ఎక్స్-మెన్'లో విలన్ మాగ్నీటో. సినిమా మొదలయ్యేదే 1944 పోలండ్‌లో, నాజీల క్యాంపు గేటు దగ్గర. ఆ పిల్లాణ్ణి తల్లిదండ్రుల నుంచి లాగేస్తారు. పెద్దయ్యాక అమెరికాలో ఒక సెనేటర్, మ్యూటెంట్లందరూ పేర్లు నమోదు చేయించుకోవాలని చట్టం తెస్తానంటాడు. మాగ్నీటో ఆ చట్టం వినగానే లేచి నిలబడతాడు. ఇది కథ కదా అంటారేమో. 1871లో మన దేశంలో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది. కులం పేరు చెప్పి, పుట్టుకతోనే నేరస్తులని రిజిస్టర్‌లో రాశారు. మన ఎరుకల అన్నదమ్ముల్ని స్టువర్టుపురంలో సెటిల్మెంట్ పెట్టి కాపలా కాశారు. 1952లో చట్టం రద్దయింది. ఊరి పేరు చెప్తే ఎగాదిగా చూసే చూపు మాత్రం రద్దు కాలేదు. రిజిస్టర్ అంటే ఏంటో తెలిసినవాడికి మాగ్నీటో ఎందుకు లేచాడో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు మోసం చూడండి.

ఈ ముగ్గురూ న్యాయమైన ప్రశ్న అడుగుతారు. హాల్లో జనం వాళ్ళవైపు ఒరుగుతారు. వెంటనే కథ రాసినవాడికి భయం పట్టుకుంటుంది. ఏం చేస్తాడు? విలన్ చేతిలో ఒక అమాయకుడి ప్రాణం పెడతాడు. కిల్‌మాంగర్ తన వెంట తిరిగిన అమ్మాయినే కాల్చేస్తాడు, తోటని కాపాడే ముసలామె గొంతు పట్టుకుంటాడు. నేమోర్ ఆ యంత్రాన్ని తయారుచేసిన కాలేజీ అమ్మాయిని చంపాలంటాడు. మాగ్నీటో తన యంత్రం కోసం తన జాతిపిల్లనే బలివ్వబోతాడు. అంతే. ప్రశ్న పక్కకి పోయింది, హత్య ముందుకొచ్చింది. ఇక హీరో గెలిస్తే మనమే ఊపిరి పీల్చుకుంటాం.

హీరో ఏం చేస్తాడు? ఎలా ఉన్నది అలాగే ఉండేటట్టు చూస్తాడు. 'బ్లాక్ పాంథర్'లో కిల్‌మాంగర్ పంపిన ఆయుధాల్ని ఆపడానికి సీఐఏ మనిషి కూడా మంచివాళ్ళ జట్టులో చేరతాడు. సీఐఏ! అది మనకి మామూలుగా అనిపించేలా తీశారంటే ఆ పనితనానికి దండం పెట్టాలి. చివర్లో హీరో ఓక్లాండ్‌లో పేదపిల్లల కోసం సెంటర్ తెరుస్తాడు. మంచిదే. కానీ ఆ ఆలోచన ఎవరిది? చచ్చిపోయినవాడిది. ప్రశ్నని ఉంచుకున్నారు, అడిగినవాణ్ణి లేకుండా చేశారు.

"సినిమాని సినిమాలా చూడండిరా" అని మా సీనియర్ అన్నలు కొందరు అంటున్నారు. అన్నా, ఆ పక్క గది కుర్రాడు మన ఊరు ఎప్పుడూ చూళ్ళేదు. 'అన్నల బ్యాచ్' అనే మాట ఏ క్లాస్ పుస్తకంలోనూ చదవలేదు. మరి ఎక్కడ నేర్చుకున్నాడు? తెర మీద అడవి అంటే ఎవరుంటారో చూసి నేర్చుకున్నాడు.

విలన్ అనే పేరు ఎవరు పెడతారో మన చరిత్రలోనే ఉంది. 1879లో రంపలో కల్లు మీద పన్ను వేస్తే, అడవి మీద ఆంక్షలు పెడితే కొండజనం తిరగబడ్డారు. తెల్లదొరల రికార్డుల్లో దానికి పెట్టిన పేరు పితూరీ. ఇవాళ తెలుగులో పితూరీ అంటే ఏంటి? ఒకరి మీద ఇంకొకరికి చాడీ చెప్పడం. మన తాతల తిరుగుబాటు మాట, స్కూల్లో సార్‌కి చెప్పే చాడీ అయి కూర్చుంది. 1922లో గూడెం కొండల్లో జరిగింది కూడా వాళ్ళ కాగితాల్లో పితూరీయే. అందులో అల్లూరి పేరు అందరికీ తెలుసు. గాం గంటం దొర, గాం మల్లు దొర పేర్లు మన గ్రూపులో ఎంతమందికి తెలుసో చెప్పండి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ని కాల్చి చంపినప్పుడు నిజాం పోలీసులు హీరోని చంపుతున్నామనుకోలేదు. భీమ్ అస్సాం తేయాకు తోటల్లో ఉన్నప్పుడే చదవడం, రాయడం నేర్చుకున్నాడని చెప్తారు. 'ఆర్ఆర్ఆర్' చివర్లో అదే భీమ్ చదువు చెప్పమని ఇంకొకర్ని అడుగుతాడు. విలన్ని చేస్తే ఒక బాధ, హీరోని చేసినా ఇదీ మర్యాద.

ఇంతవరకు చదివి లైక్ కొట్టబోతున్నవాళ్ళు కొంచెం ఆగండి. ఇప్పుడు మనవాళ్ళతోనే గొడవ.

మన గ్రూపులో ఎంతమంది డీపీ థానోస్? మా గదిలోనే ఇద్దరు. 2018లో 'ఇన్ఫినిటీ వార్' తెలుగులో వచ్చినప్పుడు థానోస్‌కి రానా గొంతు ఇచ్చాడు. ఆ గొంతుకి మేమూ పడిపోయాం. "థానోస్ చెప్పింది కరెక్టే కదా, జనం ఎక్కువయ్యారు, వనరులు తక్కువయ్యాయి" అని స్టేటస్ పెట్టిన తమ్ముళ్ళకి ఒకటే అడుగుతున్నాం. ఆ చిటికెలో పోయే సగం ఎవరు?

వాడు చీటీలు తీసినట్టే తీస్తానంటాడు, ధనిక పేద తేడా లేదంటాడు. సినిమాలో అలాగే జరిగిందనుకుందాం. మన దేశంలో ఎప్పుడైనా చీటీ అలా పడిందా? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో మనం 8.6 శాతం. ప్రాజెక్టుల కింద ఇల్లూ భూమీ పోగొట్టుకున్నవాళ్ళలో కనీసం 40 శాతం గిరిజనులేనని 2008లో ప్రణాళికా సంఘం వేసిన నిపుణుల బృందమే రాసింది. నూటికి తొమ్మిది మంది కూడా లేనివాళ్ళకి నూటికి నలభై చీటీలు ఎలా పడ్డాయి? పోలవరం కింద లక్షకు పైగా కుటుంబాలు ఊళ్ళు వదలాలి. అందులో కోయలు, కొండరెడ్లు ఎందరో ఈ పోస్ట్ చదివేవాళ్ళ చుట్టాలే.

థానోస్ గమోరా ఊరిమీద పడి సగం మందిని చంపించాడు, ఆ పిల్లని చేరదీసి కూతురన్నాడు, చివరికి రాయి కోసం ఆమెనే లోయలోకి తోసి ఏడ్చాడు. ఆ ఏడుపు చూసి "పాపం, త్యాగం చేశాడు" అనుకున్నాం. త్యాగం చేసింది ఎవరు, పోయింది ఎవరి ప్రాణం? 1948లో హీరాకుడ్ దగ్గర నిర్వాసితులతో, బాధపడక తప్పకపోతే దేశం కోసం పడండి అన్న అర్థంలో నెహ్రూ మాట్లాడాడు. మాట మెత్తగానే ఉంటుంది. మునిగేది మాత్రం మనమే. పైగా ఆరు రాళ్ళూ చేతిలో ఉన్నవాడు సగం జనాన్ని చంపే బదులు తిండిని రెట్టింపు చేయొచ్చు కదా? ఆ ఆలోచనే వాడికి రాలేదు. ఎందుకంటే థానోస్ అడగడు. లెక్కలేసుకుని వస్తాడు. వాడు మన విలన్ కాదురా తమ్ముడూ. వాడు ప్రాజెక్టు మ్యాప్ పట్టుకొచ్చేవాడు.

కాబట్టి తేడా తెలుసుకుందాం. కింద నుంచి ప్రశ్న అడిగేవాడు వేరు, పైనుంచి లెక్క తీసేవాడు వేరు. ఇద్దరికీ విలన్ అని ఒకటే పేరు పెట్టారని మనం కూడా ఇద్దరికీ ఒకటే విజిల్ వేస్తే ఎలా?

ఇంకో మాట కూడా చెప్పాలి. కిల్‌మాంగర్ ప్రశ్న మాది, వాడి తుపాకీ మాది కాదు. రెండు తుపాకుల మధ్య నలిగిన ఊళ్ళ నుంచి వచ్చాం. అది ఎలా ఉంటుందో మా అమ్మానాన్నలు రాత్రిపూట దీపం తగ్గించి గుసగుసగా చెప్పారు. కోపాన్ని స్టేటస్‌లో పెట్టుకోవడం సులువు. దాని ఖర్చు ఊళ్ళో ఉన్నవాళ్ళు కడతారు.

మరి హీరో వద్దు, విలన్ వద్దు అంటే ఇంకేముంది? ఉంది. ఏ సూపర్ హీరో సినిమాలోనూ చూపించనిది. 1997లో బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వడానికి వీల్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. 2013లో ఒడిశా నియంగిరి కొండమీద బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలంది. పన్నెండు ఊళ్ళలో సభలు పెట్టారు. డోంగ్రియా కోందులు, వాళ్ళ పక్క ఊళ్ళవాళ్ళు జడ్జి ముందు ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. పన్నెండుకి పన్నెండు ఊళ్ళూ వద్దన్నాయి. ఎవరూ ఎగరలేదు, ఎవరి చేతిలోంచీ మెరుపులు రాలేదు. కొండ అక్కడే ఉంది.

కిల్‌మాంగర్ మ్యూజియంలో అడిగిన ప్రశ్న అదే. ఒంటరిగా అడిగాడు కాబట్టి సినిమా వాణ్ణి విలన్ చేయగలిగింది. పన్నెండు ఊళ్ళు కలిసి అడిగితే ఏ డైరెక్టర్ చేయగలడు?

అందుకే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఒక పని చేయండి. మీ ఊళ్ళో ఆఖరి గ్రామసభ ఎప్పుడు జరిగిందో అడగండి. తీర్మానం పుస్తకం ఎవరి దగ్గరుందో చూడండి. మన పెద్దవాళ్ళు వేలిముద్ర వేసిన కాగితంలో ఏం రాసుందో గట్టిగా చదివి వినిపించండి. మన ఇళ్ళల్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాళ్ళం మనమే. మనం చదవకపోతే ఇంకెవరు చదువుతారు?

పక్క గది మిత్రుడికి ఈ పోస్ట్ పంపిస్తున్నాం. ఈసారి సినిమా పెట్టినప్పుడు గుమ్మం దగ్గర నిలబడకుండా లోపలికొచ్చి కూర్చోమని కూడా చెప్తాం. మంచం మీద చోటు చేస్తాం.

థానోస్ డీపీలు మాత్రం ఈ రాత్రికే తీసేయాలి. మా గదిలో ఇద్దరూ తీసేశారు.

మావ నాటే మావ రాజ్. జై జోహార్.