పూల ప్రదర్శనలో మోదుగుకు చోటేది?

జనవరి నెలాఖరుకు నగరాల్లో పూల ప్రదర్శనల సందడి మొదలవుతుంది. బెంగళూరు లాల్‌బాగ్ గాజుమందిరంలో లక్షల పూలతో కట్టిన బొమ్మలు కొలువుదీరుతాయి. ఢిల్లీ కూడళ్ళలో నెదర్లాండ్స్ నుంచి తెప్పించిన తులిప్‌లు విచ్చుకుంటాయి. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మేళాల్లో పెటూనియాలు, డాలియాలు వరుసకడతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆదిలాబాద్ నుంచి నల్లమల దాకా మోదుగులు ఆకు రాల్చి మొగ్గ తొడుగుతుంటాయి. కొండగోగు బోడికొమ్మల మీద పసుప్పచ్చగా పూస్తుంది. ప్రదర్శనల్లో వీటికి చోటు దొరకడం మాత్రం అరుదు.

కారణం ఒక గట్టి నమ్మకం. అందమైన పువ్వంటే నర్సరీ కుండీలోదేనని, బయట తనంతట తాను పూసేది పిచ్చిమొక్కేనని మనలో చాలామంది అనుకుంటారు. అడవిపూలను టికెట్ కొని ఎవరు చూస్తారన్నది నిర్వాహకుల ప్రశ్న. ఈ నమ్మకం తప్పు. దానివల్ల జరుగుతున్న నష్టమూ తక్కువేం కాదు.

ఎవరు చూస్తారో మహారాష్ట్రలోని సతారా దగ్గర కాస్ పీఠభూమికి వెళ్తే తెలుస్తుంది. వానలు వెనకపట్టే వేళ అక్కడి రాతినేల మీద జానెడు ఎత్తుకూడా లేని పూలు పరుచుకుంటాయి. వాటి కోసం వచ్చే జనాన్ని ఆపలేక రోజుకు 3,000 మందికి మించి రాకుండా పరిమితి పెట్టాల్సి వచ్చింది. దక్షిణాఫ్రికాలో, కేప్‌టౌన్‌లోని కిర్‌స్టెన్‌బాష్ ఉద్యానాన్ని 1913లో ఆ దేశపు సొంత మొక్కల కోసమే నెలకొల్పారు. లండన్ చెల్సీ పూల ప్రదర్శనలో అదే దక్షిణాఫ్రికా పూలకు ముప్పైకి పైగా స్వర్ణ పతకాలు దక్కాయి. సొంత నేల పూలతో ప్రపంచ వేదిక మీద గెలవవచ్చని వాళ్ళు ఎప్పుడో రుజువు చేశారు.

అందం మాటకొస్తే, ఒక మోదుగు పువ్వును అరచేతిలో పెట్టుకుని చూడాలి. నల్లటి నూగున్న తొడుగులోంచి చిలకముక్కులా వంగిన నారింజ రేకు బయటికొస్తుంది. తేనె కోసం గోరింకలు, తేనెపిట్టలు ముక్కు దూర్చినప్పుడు పుప్పొడి వాటి తలకంటుకుని మరో చెట్టుకు చేరుతుంది. తంగేడుది మరో పద్ధతి. ఆ పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి కేసరాల లోపల దాగి ఉంటుంది, బయటికి రావడానికి కొసన సన్నని రంధ్రాలే దారి. నల్ల తుమ్మెద వచ్చి పువ్వును కాళ్ళతో పట్టుకుని ఝుమ్మని ఒళ్ళంతా కంపింపజేస్తుంది. ఆ కంపనానికి పుప్పొడి జలజలా రాలుతుంది. తేనెటీగకు ఈ విద్య రాదు. ప్రదర్శనల్లో మెప్పుపొందే ముద్దరేకుల రకాల్లోనేమో కేసరాలే రేకులుగా మారిపోతాయి కాబట్టి తుమ్మెదకు దొరికేది అంతంతమాత్రం.

ఇక తులిప్ సంగతి. దానికి చలి కావాలి. అందుకే దుంపల్ని ముందే శీతల గదుల్లో ఉంచి, ఢిల్లీకి తెచ్చి నాటుతారు. కొద్ది వారాలు పూసి ఎండ ముదరగానే వాడిపోతాయి. మరుసటి ఏటికి చాలావరకు మళ్ళీ కొత్త దుంపలే దిగుమతి కావాలి. ఇంత శ్రమా ఖర్చూ ఏ నీళ్ళూ అడగని రేలచెట్టు మీద ఎందుకు పెట్టరు?

పరాయి పూలన్నిటినీ తరిమేయాలని కాదు. బంతి మెక్సికో నుంచి వచ్చింది. ఇవాళ అది లేని తెలుగు గుమ్మం ఉండదు, ఉండనక్కర్లేదు కూడా. కానీ అందానికని తెచ్చిన మొక్క ఏం చేయగలదో కూడా గుర్తుంచుకోవాలి. లాంటానా 19వ శతాబ్ది తొలినాళ్ళలో కలకత్తా ఉద్యానానికి అలంకారపు మొక్కగా వచ్చి ఇప్పుడు దేశమంతటా అడవుల్ని కమ్మేసింది. ఊదారంగు పూల కోసం తెచ్చిన గుర్రపుడెక్క మన చెరువుల్ని మింగింది.

బొటానికల్ గార్డెన్‌ల బాధ్యత ఇంకా పెద్దది, ఈ నేల పూలను జనానికి చూపాల్సింది అవే. ఈ నేల పూలను తొలుత శ్రద్ధగా చూసినవాళ్ళలో విలియం రాక్స్‌బర్గ్ ఒకడు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా సామర్లకోటలో ఉండి మొక్కలు పెంచాడు, వాటి తెలుగు పేర్లు రాసుకున్నాడు, స్థానిక చిత్రకారులతో బొమ్మలు వేయించాడు. 1795 నుంచి 1820 దాకా లండన్‌లో అచ్చయిన కోరమాండల్ తీరపు మొక్కల సంపుటాల్లో 300 చిత్రాలున్నాయి. రెండు శతాబ్దాల కిందట లండన్ పాఠకుడికి చేరిన మన మొక్కల్ని ఇవాళ హైదరాబాద్ పిల్లవాడు గుర్తుపట్టలేకపోవడం అన్యాయం.

తెలంగాణ తంగేడును రాష్ట్ర పుష్పం చేసుకుంది. ఊళ్ళ చుట్టూ గుట్టలూ పొలంగట్లూ ప్లాట్లయ్యాక బతుకమ్మకు ఆ పువ్వునే బజారులో కొనుక్కోవాల్సి వస్తోంది. పిచ్చిమొక్కలని ముద్రవేసిన చోట బుల్డోజర్ నడపడానికి ఎవరికీ చేయి వణకదు. ప్రదర్శనలు మారాల్సింది అందుకే.

ఉద్యాన శాఖలు వచ్చే ఫాల్గుణంలో ఒక్క ప్రదర్శనైనా మోదుగు, కొండగోగు, బూరుగులకు కేటాయించాలి. అడవిలో కొమ్మలు విరిచి తేవడం కాకుండా, బొటానికల్ గార్డెన్‌లోనే చెట్లు పెంచి వాటి కింద జనాన్ని నడిపించాలి. కడియం నర్సరీ రైతులు తంగేడు, విష్ణుక్రాంత మొక్కల్ని కూడా కవర్లలో పెంచి అమ్మకానికి పెట్టాలి. పాఠకులు అడిగితే వాళ్ళు తప్పక పెంచుతారు. ఈసారి నర్సరీకి వెళ్ళినప్పుడు తంగేడు మొక్క ఉందా అని అడగండి.