గడిలో అంకె ఎక్కడ కూర్చోవాలి?

సావనీరుకి ఏదైనా రాసివ్వమని యూనియన్ మిత్రులు అడిగితే "పట్టికల మీద రాస్తాను" అన్నాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "పట్టికల్లో ఏముంది గురూ, గీతలూ అంకెలూ తప్ప!" అన్నాడొకాయన. ఆ గీతలు లేకపోబట్టీ, ఆ అంకెలు ఉండవలసిన చోట లేకపోబట్టీ ఒక ఏడాది నాకు స్కాలర్‌షిప్పు పోయింది. అందుచేత ఈ నాలుగు మాటలూ చెప్పే హక్కు నాకుందనుకుంటాను.

2019లో నేను ఎమ్మెస్సీ మొదటి సంవత్సరంలో ఉండగా (ఈ కాలేజీలో కాదు లెండి) ఒక కార్యాలయం గోడమీద నోటీసు అంటించారు. ఎడమవైపు ఏయే విద్యార్థులు అన్నది, కుడివైపు దరఖాస్తుకి ఆఖరు తేదీ. ఎడమ గడుల్లో మూడేసి పంక్తుల రాత. తేదీలు మాత్రం గడి అడుగున. ఎక్సెల్‌లో తయారైన కాగితం అది. మనం ఏమీ చెప్పకపోతే ఎక్సెల్ దేన్నైనా గడి అడుగునే కూర్చోబెడుతుంది. తయారుచేసినాయన ఎడమవైపు రాతను పైకి జరిపి, తేదీలను అలాగే వదిలేసి ఉంటాడు. పైగా తెరమీద కనబడే ఆ లేత గళ్లగీతలు, ప్రత్యేకించి అడిగితే తప్ప కాగితం మీదికి రావు. తెరమీద ఆయనకు అంతా సవ్యంగానే ఉంది. గోడమీద మాకు కనిపించింది వేరు.

నాది రెండో వరుస. దాని మొదటి పంక్తికి ఎదురుగా ఏమీ లేదు. ఒక పంక్తి పైన 21 ఉంది, రెండు పంక్తుల కింద 14 ఉంది. కన్ను దగ్గరున్నదాన్నే పట్టుకుంటుంది కదా! 18వ తేదీన ధీమాగా వెళ్లాను. "మీది 14తోనే అయిపోయింది బాబూ, సరిగ్గా చూసుకోవద్దూ?" అన్నారు కౌంటర్లో. ఆ ఏడు మెస్సు బిల్లులు మా మేనమామ కట్టాడు. ఇప్పటికీ ఏ పెళ్లిలోనైనా కనబడితే "ఏరా, పద్నాలుక్కీ ఇరవయ్యొకటికీ తేడా తెలిసిందా?" అంటాడు.

తప్పు నాదేనని చాలాకాలం అనుకున్నాను. పరిశోధనలో చేరి థీసిస్ పట్టికలు సొంతంగా కూర్చుకోవడం మొదలెట్టాక గానీ సంగతి బోధపడలేదు. గడిలో ఉన్నది పైన ఉండాలా, నడుమ ఉండాలా, అడుగున ఉండాలా అన్నది ఎవరో ఒకరు నిర్ణయించవలసిన విషయం. మనం నిర్ణయించకపోతే యంత్రం నిర్ణయిస్తుంది. యంత్రాలలోనూ ఐకమత్యం లేదు. వర్డ్ పైన పెడుతుంది, ఎక్సెల్ అడుగున పెడుతుంది, వెబ్ పేజీ నడుమ పెడుతుంది. ఎవరికి వారే యమునా తీరే!

ఈ మూడింటిలో నాకు బొత్తిగా గిట్టనిది నడుమ పెట్టడం. చూడ్డానికి అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. మా గైడుగారికీ అదే ఇష్టం. కానీ రెండు పంక్తుల పేరు పక్కన ఒక అంకెను నడిమికి పెట్టి చూడండి. అది మొదటి పంక్తికీ ఎదురుగా ఉండదు, రెండోదానికీ ఉండదు. రెంటి మధ్య సందులో తేలుతూ ఉంటుంది. పట్టికను మనం అడ్డంగా చదువుతాం. పేరు పట్టుకుని కుడివైపుకి నడిచే కంటికి కాలికింద బాట ఉండాలి. ఆ బాట అక్షరాలు కూర్చునే గీతే. పేరూ అంకే ఒకే గీతమీద కూర్చోవాలి, నేననేది అంతే.

ఏ పంక్తి గీతమీద అంటారా? ఇందులో పెద్దల మాట వేరుగా ఉంది. 1906 నుంచీ వస్తున్న షికాగో మాన్యువల్, పేరు రెండు మూడు పంక్తులై అంకె ఒక్క పంక్తే అయితే, అంకెను పేరు ఆఖరి పంక్తికి ఎదురుగా పెట్టమంటుంది. పేరు చదవడం ముగిసేచోటనే కదా కన్ను పక్కకు తిరిగేది! యుక్తి ఉన్న మాటే. అయినా నా ఓటు మొదటి పంక్తికే. నోటీసుబోర్డు ముందు నిలబడ్డవాడు తన పేరును మొదటి మాటతోనే వెతుక్కుంటాడు. రెండు గడుల్లోనూ నాలుగేసి పంక్తులుంటే షికాగో వారు కూడా మొదటి పంక్తులనే కలపమంటారు. ఏది పాటించినా గొడవ లేదు, పట్టిక అంతా ఒకటే పాటిస్తే.

తెలుగుకి మరో చిక్కుంది. రెండు గడులకూ "పైన" అని చెప్పినంతమాత్రాన అక్షరాలు ఒకే గీతమీదికి రావు. మనకు పైన గుడులూ, కింద వత్తులూ. తెలుగు ఫాంటుకి ఎత్తు ఎక్కువ కావలసి వస్తుంది. ఇంగ్లీషు ఫాంటులో వేసిన అంకె పక్కనే కాస్త పైకి లేచి నిలబడుతుంది. లేటెక్ వాడేవారికి ఈ బాధ తక్కువ. అందులో పి అనే గడి మొదటి పంక్తి గీతనే చూసి నిలబెడుతుంది. ఎమ్ నడిమికి, బి ఆఖరి పంక్తికి. వత్తుల బాధ మాత్రం అక్కడా తప్పదు. లేటెక్ ప్రతి వరుసకూ ఇచ్చే జాగాలో పది పాళ్లకు ఏడు గీతకు పైన, మూడు కింద. "రాష్ట్రం", "స్త్రీలు" లాంటి మాటలకు ఆ మూడు పాళ్లు చాలకపోతే, వత్తు కిందిగీతకు వెళ్లి అంటుకుంటుంది. వరుస ఎత్తు మనమే పెంచాలి. ఎక్సెల్‌లో వరుస ఎత్తు బిగించేస్తే అంటుకోవడం కాదు, వత్తు తెగిపోతుంది. సీసం అక్షరాల రోజుల్లో కంపోజిటరు రెండు పంక్తుల మధ్య పలచని లెడ్డు రేకు దోపేవాడు. ఇప్పుడు రేకు లేదు, దోపవలసిన అవసరం మాత్రం అలాగే ఉంది.

శీర్షికల సంగతి వేరు. నిలువు వరుసల పేర్లు అడుగునే ఉండాలి, తమ కింది అంకెలను ఆనుకుని.

ఈ సావనీరు చివర యూనియన్ జమాఖర్చుల పట్టిక ఉంది. ఆ పని నాకే అప్పగించారు. "క్రీడాపరికరాల కొనుగోలు, మరమ్మతులు, రవాణా" రెండు పంక్తులైంది, దాని పక్కన అంకె మొదటి పంక్తికి ఎదురుగా ఉందో లేదో చూడండి. జారి ఉంటే ప్రెస్సువారిని ఏమీ అనకండి, ఆఖరి ప్రూఫు చూసింది నేనే.