మునగాకు, మతిమరుపు, కోడలు

మా మైపాడు వైపు ఎవరింటికి పోయినా ఫోన్లో ఒక వీడియో చూపిస్తున్నారు. మునగాకు తింటే మతిమరుపు రాదట. ఉల్లిపాయలో మెదడును కాపాడే పదార్థం ఉందట. ఆ పదార్థాల పేరు ఫ్లేవనాయిడ్లు. చాలా పూలకు పసుపు రంగు వీటివల్లే. 1930లలోనే వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో టి.ఆర్. శేషాద్రి గారు శిష్యులతో కలిసి మన గోగు పూలలో, పత్తి పూలలో వీటిని పరిశోధించారు. (గోంగూరంటే ఆకే తప్ప పూల జోలికి మనమెప్పుడు పోయాం!)

మంచివే, కాదనను. అమెరికాలో 77 వేల మందికి పైగా తిండిని 20 ఏళ్ళు గమనించి 2021లో లెక్క చెప్పారు. ఇవి బాగా తినేవాళ్ళలో జ్ఞాపకం తగ్గుతోందన్నవాళ్ళు 20 శాతం దాకా తక్కువట. అలా తినేవాళ్ళు మిగతా విషయాల్లోనూ ఒళ్ళు జాగ్రత్తగా చూసుకునేవాళ్ళేమో! ఎందుకంటే, 2 వేల మందికి పైగా పెద్దవాళ్ళలో కొందరికి కోకో ఫ్లేవనాయిడ్లు, మిగతావాళ్ళకు ఉత్తుత్తి మాత్రలు 3 ఏళ్ళు ఇచ్చి చూస్తే, 2022లో తేలిందేమిటంటే జ్ఞాపకంలో తేడా ఏమీ లేదని.

నా బాధ వేరే. మా అత్తకు మతిమరుపు జబ్బు. చూడ్డానికొచ్చిన ప్రతి చుట్టమూ "ఏమ్మా, ఆకుకూరలు సరిగ్గా పెట్టలేదా?" అని నన్నే అడుగుతారు. మా ఆయన్ని గానీ మా మరిదిని గానీ ఒక్కరూ అడగరు. ఇంటిల్లిపాదికీ వడ్డించి, చివర్న గిన్నె అడుగు పులుసు కలుపుకొని తిన్న మనిషి ఆమె. ఆ రోజుల్లో ఆమెకు కూర మిగిలిందా అని అడిగినవాళ్ళు లేరు.

ఈ జబ్బుకు మనం మార్చుకోగల కారణాలని 2024లో లాన్సెట్ పత్రిక కమిషన్ 14 చెప్పింది. చదువు తక్కువ కావడం, చెవుడు, బీపీ, షుగరు, ఒంటరితనం అందులో ఉన్నాయి. ఫలానా కూర తినకపోవడం లేదు. మా అత్తను మూడో తరగతితో బడి మాన్పించారు. దానికి ఎవర్ని నిలదీస్తారు?

అందుకే చుట్టాలకు ఒకటే చెబుతున్నా. వందలు పోసి మునగాకు పొడి డబ్బాలు తేకండి, మా పెరట్లో చెట్టే ఉంది. ఆమె బీపీ మాత్రలు మాన్పించమని సలహాలు ఇవ్వకండి. వీలైతే ఒక మధ్యాహ్నం వచ్చి ఆమె పక్కన కూర్చోండి. చెవికి మిషన్ పెట్టించాం, మాట బాగానే వినపడుతుంది. ఆ రెండు గంటలూ నేను కాస్త నడుం వాలుస్తాను.