25 మందిలో 98 శాతం ఎలా వస్తుంది?

కండరంలోకి సన్నటి సూది దించి, లోపలి విద్యుత్ సంకేతాలను తెర మీద చూస్తూ, స్పీకర్‌లో వింటూ జబ్బును పోల్చుకునే పరీక్షే ఈఎంజీ. కొన్ని నరాలు చచ్చిపోతే, మిగిలినవి దిక్కులేని కండరపోగులను కూడా తమ కిందికి తెచ్చుకుంటాయి. అందుకే తెర మీద సంకేతాల అలలు ఎత్తుగా, నిడివిగా వస్తాయి. కండరమే చెడితే పోగులు తగ్గి, అలలు పొట్టిగా, గజిబిజిగా ఉంటాయి. ఈ తేడాను కృత్రిమ మేధ 98 శాతం కచ్చితంగా పట్టేస్తోందనే తరహా పరిశోధన పత్రాలకు ఇప్పుడు కొదవలేదు. ఆ శాతం రోగుల మీద కట్టిందా, సంకేతాల ముక్కల మీద కట్టిందా అన్నదే అసలు ప్రశ్న.

ఈ పత్రాల్లో చాలావాటికి ఆధారం ఒక్కటే: కోపెన్‌హాగన్‌లో సేకరించి, ఈఎంజీల్యాబ్ అనే వెబ్‌సైట్ ద్వారా అందరికీ అందుబాటులో ఉంచిన డేటా. అందులో ఆరోగ్యవంతులు 10 మంది, కండర వ్యాధి ఉన్నవారు ఏడుగురు, కండరాలను నడిపే నరాలు చచ్చిపోయే ఏఎల్‌ఎస్ అనే జబ్బు ఉన్నవారు ఎనిమిది మంది. వెరసి 25. మనిషిని లెక్కగా తీసుకుంటే ఒక్కరి విషయంలో పొరబడినా 4 శాతం పోతుంది. 96 రావచ్చు, 100 రావచ్చు, 98 రానే రాదు. సంకేతాలను ముక్కలు చేసి కలగలిపితేనే అలాంటి అంకె పుడుతుంది. అప్పుడు ఒకే మనిషి సంకేతాల ముక్కలు కొన్ని యంత్రానికి నేర్పే పాఠంలోకి, కొన్ని దాన్ని పరీక్షించే ప్రశ్నల్లోకి పోతాయి. యంత్రం జబ్బును కాక మనిషిని గుర్తుపట్టినా మార్కులు వచ్చేస్తాయి. ఇంకో చిక్కు: ఆ ఆరోగ్యవంతుల వయసు 21 నుంచి 37, ఏఎల్‌ఎస్ రోగులది 35 నుంచి 67. వయసుతో అలల నిడివి ఎలాగూ పెరుగుతుంది. యంత్రం నేర్చింది జబ్బునా, వయసునా?

న్యూరాలజిస్టులే దొరకని జిల్లాల్లో ఏదో ఒకటి ఉండటం మేలు కదా అంటారు. కానీ అక్కడ కొరత తెర చదివే కంటికే కాదు, సూది గుచ్చే చేతికి కూడా. ఏ కండరంలో, ఎంత లోతున, రోగి ఎంత బిగిస్తుండగా అన్నది ఆ చెయ్యే తేల్చాలి. పైగా మల్టీఫోకల్ మోటార్ న్యూరోపతి అనే నరాల జబ్బు చూడటానికి ఏఎల్‌ఎస్‌లాగే ఉంటుంది, కానీ ఇమ్యునోగ్లోబ్యులిన్ చికిత్సతో మెరుగుపడుతుంది. దాని ఆనవాలును నరాల వేగం కొలిచే పరీక్షలో వెతకాలి, సూది సంకేతంలో కాదు. సూది ఒక్కదాన్నే చదివే యంత్రం ఆ రోగికి నయంకాని జబ్బు పేరు అంటగట్టే ప్రమాదం ఉంది.

డాక్టర్లూ ఒకే అలను తలోరకంగా చదువుతారన్న వాదన మాత్రం నిజమే. అందుకే 1950ల్లో ఫ్రిట్జ్ బుక్తాల్ బృందం, అదీ కోపెన్‌హాగన్‌లోనే, ఒక్కో కండరంలో కనీసం 20 అలలను కొలిచి సగటు తీసే పద్ధతిని నిలబెట్టింది. రద్దీ ఓపీల్లో దానికి తీరిక దొరకదు. ఆ కొలతల పని యంత్రానికి ఇవాళే అప్పగించవచ్చు. జబ్బు పేరు చెప్పించాలంటే మాత్రం, అది ఎన్నడూ చూడని ఆసుపత్రిలోని రోగులపై, మనిషికో లెక్కన పరీక్షించి ఫలితం బయటపెట్టాలి.