యాసయే వ్యక్తిత్వమా?
(ఒక జపాను క్రీడ ఆంగ్లానువాదంపై కొన్ని ఆలోచనలు)

అనువాదం అనగానే మనకు స్ఫురించేవి కావ్యాలు, నాటకాలు, నవలలు. అనువాద సమస్యలను గూర్చి చర్చించే పండితులు శాకుంతలాన్నో, షేక్‌స్పియర్ నాటకాన్నో ఉదాహరణగా తీసికొనడం పరిపాటి. వీడియో క్రీడను ఉదాహరణగా తీసికొంటే కొందరికి వింతగాను, మరికొందరికి అపచారంగాను తోచవచ్చును. కాని జపాను దేశంలో పుట్టిన పాత్రధారణ క్రీడలు కేవలం చేతివ్రేళ్ళ చురుకుదనానికి సంబంధించినవి కావు. వాటిలో పెద్ద నవలకు సరిపోయేటంత సంభాషణ ఉంటుంది. పదుల కొలది పాత్రలుంటాయి. ఆ సంభాషణలో అధికభాగాన్ని ఆడేవారు తెరపై చదువుకొంటూ పోవలసినదే. ఆ వచనాన్ని ఆంగ్లంలోకి తెచ్చినవారు ఎదుర్కొన్న చిక్కులు భాషాభిమానులందరూ ఆలోచింపదగినవి. ఉర్దూ, తెలుగు భాషల నడుమ నిత్యం మసలే మన కళాశాల విద్యార్థినీ విద్యార్థులకు అవి మరింత సన్నిహితమైనవి.

నేనిక్కడ ప్రస్తావింపదలచినది 'క్రోనో క్రాస్' అనే క్రీడ. స్క్వేర్ సంస్థ 1995లో వెలువరించిన 'క్రోనో ట్రిగ్గర్' అనే సుప్రసిద్ధ క్రీడకు ఇది ఉత్తరకథ. 1999 నవంబరులో జపానులోను, 2000 ఆగస్టులో ఆంగ్లరూపం ధరించి అమెరికాలోను, ప్లేస్టేషన్ యంత్రంపై ఇది వెలువడినది. దర్శకుడు, కథారచయిత మసాటో కాటో. కథానాయకుడు సెర్జ్ ఎల్ నిడో అనే కాల్పనిక ద్వీపసముదాయంలోని ఆర్ని పల్లెకు చెందిన యువకుడు. ఒకనాడు అతడు తన లోకానికి ప్రతిబింబం వంటి మరొక లోకంలో చిక్కుకొంటాడు. ఆ లోకంలో తాను పది సంవత్సరాల క్రిందటనే మరణించినట్లు తెలుసుకొంటాడు. ఒక లోకంలో తాను బ్రతికి ఉండడానికి, మరొక లోకంలో చనిపోవడానికి కారణమేమిటన్న అన్వేషణయే కథ. ఈ ప్రయాణంలో అతనికి తోడు కాగలవారు నలభైమందికి పైగా ఉన్నారు. వారిలో ఎవరిని వెంట తీసికొని వెళ్ళాలన్నది ఆడేవారి ఇష్టం.

ఉత్తరకథను అనువదించేవారికి ఒక అదనపు బంధనం ఉంటుంది. మూలగ్రంథానికి మాత్రమే గాక, పూర్వకథకు లోగడ జరిగిన అనువాదానికి కూడ వారు కట్టుబడవలసి వస్తుంది. 'క్రోనో ట్రిగ్గర్'ను ఆంగ్లీకరించినవారు టెడ్ వూల్సీ. వారు స్వేచ్ఛ తీసికొన్నారు. మూలంలో ముగ్గురు ప్రతినాయకులకు వినెగర్, సోయా సాస్, మయొనెయిజ్ అనే వంటింటి వస్తువులను తలపించే పేర్లుండగా, ఆంగ్లంలో వారు ఆజీ, స్లాష్, ఫ్లీ అనే రాక్ సంగీతకారుల పేర్లు ధరించారు. కథలోని మహిమాన్విత ఖడ్గానికి మూలంలో 'గ్రాండ్‌లియోన్' అన్న పాశ్చాత్య ధ్వని గల పేరుండగా, ఆంగ్లంలో దానికి 'మసమునె' అన్న ప్రాచీన జపాను కమ్మరి పేరు వచ్చినది. జపాను వారు పడమటి పేరు పెట్టుకొన్నారు, పడమటి వారు జపాను పేరు పెట్టుకొన్నారు! ఉత్తరకథలో ఆ ఖడ్గం మళ్ళీ కనిపించినపుడు, ఆంగ్ల పాఠకుడు ఎరిగిన 'మసమునె' పేరునే నిలుపవలసి వచ్చినది. అనువాదకుడు ఒకసారి చేసిన నిర్ణయం శాసనం వలె నిలిచిపోతుందనడానికి ఇది చక్కని నిదర్శనం.

పేర్లకంటె గడ్డు సమస్య మాటతీరు. జపాను భాషలో 'నేను' అనడానికి అనేక పదాలున్నాయి. మర్యాదగా 'వతాషి', బాలుర నోట 'బోకు', మోటుగా మాట్లాడే పురుషుని నోట 'ఒరె', వృద్ధుని నోట 'వాషి'. (ఈ 'ఒరె'కు మన 'ఒరే' అనే పిలుపుతో ఏ సంబంధమూ లేదు.) వాక్యం చివర చేరే చిన్న అక్షరాలు కూడ పలికేవారి వయస్సును, స్త్రీపురుష భేదాన్ని, అంతస్తును పట్టి ఇస్తాయి. కనుక జపాను పాఠకునికి ఒక్క వాక్యం వినగానే అది ఎవరు పలికినదో తెలిసిపోతుంది. ఆంగ్లంలో రాజుకూ 'ఐ', కూలివానికీ 'ఐ'యే. తెలుగులో 'నేను' ఒక్కటే అయినా, నువ్వు, మీరు, తమరు అనే తారతమ్యం మనకున్నది. ఉర్దూలో తూ, తుమ్, ఆప్ ఉన్నాయి. ఆంగ్లంలో అదీ లేదు. అందువలన మూలంలో వ్యాకరణమే చేసిన పనిని ఆంగ్లంలో మరొకటి చేయవలసి ఉన్నది. ఆ మరొకటిగా అనువాదకులు ఎన్నుకొన్నది యాస.

'క్రోనో క్రాస్'లో ఈ సమస్యకు యంత్రపరమైన ముడి కూడ పడినది. ఒక సన్నివేశంలో సెర్జ్ ప్రక్కన ఎవరుంటారో ముందుగా తెలియదు. ప్రతి సన్నివేశానికి నలభైమంది మాటలను విడివిడిగా వ్రాసి ఉంచితే యంత్రపు జ్ఞాపకశక్తి చాలదు. అందుచేత కాటో, ప్రోగ్రామర్ కియోషి యోషీ కలసి ఒక ఉపాయం పన్నారు. వాక్యం ఒక్కటే వ్రాస్తారు. పలికే పాత్ర ఎవరో గ్రహించి, యంత్రమే ఆ వాక్యంలోని కొన్ని పదాలను, తుదిభాగాలను ఆ పాత్ర ధోరణికి అనుగుణంగా మారుస్తుంది. ఆంగ్లానువాదానికి సారథ్యం వహించిన రిచర్డ్ హనీవుడ్ స్వయంగా ప్రోగ్రామింగ్ తెలిసినవారు గనుక, అటువంటి ఏర్పాటునే ఆంగ్ల వాక్యాలకు తగినట్లు సిద్ధం చేశారు. ఒకరి నోట ఒక ధ్వని మరొక ధ్వనిగా మారుతుంది. మరొకరి నోట నత్తి వస్తుంది. ఇంకొకరి నోట ప్రతి వాక్యానికీ ఒక తోక చేరుతుంది. ముఖ్య సన్నివేశాలలోని మాటలను మనుష్యులే విడిగా వ్రాసినా, దారి పొడవునా వినవచ్చే సహచరుల మాటలు అనేకం ఇట్లు యంత్రంలో యాస దిద్దుకొన్నవే.

శిల్పిగా హనీవుడ్‌కు నమస్కరింపవలసినదే. ఆ ఉపాయం లేనట్లయితే నలభైమందీ ఒకే నోటితో, నిర్జీవమైన ఆంగ్లంలో మాట్లాడి ఉండేవారు. కాని సాహిత్యవిద్యార్థి ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకొనవలసి ఉన్నది. యాస మారినంత మాత్రాన మనిషి మారినట్లేనా? నా అభిప్రాయంలో కాదు. యాస పాత్రలోనుంచి పుట్టినపుడు అది వ్యక్తిత్వం. పైనుంచి పులిమినపుడు అది వేషం. ఈ క్రీడలో రెండింటికీ ఉదాహరణలున్నాయి.

కిడ్ అనే దొంగపిల్లను చూడండి. మూలంలో ఆమె ఆడపిల్ల అయి ఉండికూడ 'ఒరె' అని మగవాని వలె మోటుగా మాట్లాడుతుంది. ఆంగ్లంలో అటువంటి సర్వనామం లేదు. కనుక ఆమెకు 'మేట్' వంటి సంబోధనలతో ఆస్ట్రేలియా జానపదుల పలుకుబడిని ఇచ్చారు. ఇది సమంజసమైన మార్పు. ఎందుకంటే కథలో ఆ మోటుమాటకు పని ఉన్నది. ఆమె అనాథాశ్రమంలో పెరిగినది. లోకంతో పోరాడి బ్రతికినది. చివరకు ఆమె పుట్టుక పూర్వకథలోని షాలా అనే రాకుమార్తెతో ముడిపడి ఉన్నదని తెలుస్తుంది. రాజరక్తం మోటుమాటల వెనుక దాగి ఉండడంలోనే ఆ పాత్ర సౌందర్యమంతా ఉన్నది. ఆస్ట్రేలియా అనే దేశం ఎల్ నిడోలో లేకపోవచ్చును. కాని ఆ పలుకుబడి మూలంలోని ముడిని జారవిడువలేదు.

హార్లె అనే విదూషక వేషధారిణి సంగతి వేరు. ఆమెకు ఆంగ్లంలో ఫ్రెంచి యాస లభించినది. ఫ్రాన్సు లేని లోకంలో ఫ్రెంచి యాస ఎందుకని అడిగితే, సొగసుకోసం, వింతకోసం అన్నదే సమాధానం. కాని ఈ సొగసు క్రింద ఒక ముఖ్యమైన విషయం కప్పుపడిపోయినది. మూలంలో ఆమె పేరు 'త్సుకుయోమి'. అది జపాను పురాణాలలో చంద్రదేవత పేరు. చీకటి చంద్రునితో ఆమెకు గల రహస్య సంబంధాన్ని ఆ పేరే ముందుగా సూచిస్తుంది. ఆంగ్లంలోని పేరు వేషాన్ని చెప్పినది, రహస్యాన్ని వదలివేసినది. సూచన పోయినది, యాస మిగిలినది. ధ్వని అన్న మాటను ఆలంకారికులు ఏ అర్థంలో వాడారో ఆ ధ్వని నశించి, చెవికి వినబడే ధ్వని మాత్రమే నిలిచినది.

పూర్వకథలోని కప్పవీరుడు ఈ విషయంలో మరొక పాఠం. జపాను మూలంలో అతడు సామాన్యమైన మోటు పురుషభాష మాట్లాడగా, వూల్సీ అతనిచేత షేక్‌స్పియర్ కాలం నాటి ఆంగ్లాన్ని పలికించారు. పాఠకులకు అది ఎంతో నచ్చినది. అయినా 2008లో నింటెండో డీఎస్ యంత్రానికై ఆ క్రీడను సవరించినపుడు ఆ పాత ఆంగ్లాన్ని చాలవరకు తొలగించారు. నచ్చిన దానిని ఎందుకు తొలగించాలని కొందరు వాదిస్తారు. అలంకారం ఎంత ఇంపుగా ఉన్నా, అది మరొకరి మెడలోనిదైతే తిరిగి ఇవ్వవలసినదే.

ఇంతదూరం దేశాల ముచ్చట మనకెందుకని విజ్ఞులు అడుగవచ్చును. ఈ క్రీడలలో ఒకదానిని రేపు తెలుగులోకి తేవలసి వస్తే కిడ్‌కు ఏ యాస ఇస్తాము? హార్లెకు ఏది? ప్రతినాయకునికి ఏది? ఈ ప్రశ్నలకు మన చలనచిత్రాలు చాలకాలం ఇచ్చిన సమాధానం మనకు తెలియనిది కాదు. నాయకునికి కృష్ణాతీరపు శిష్టభాష. హాస్యగానికీ, రౌడీకీ తెలంగాణ యాస. నవ్వు ఇంకా కావలసి వస్తే దక్కనీ ఉర్దూ కలిపిన తెలుగు. ఒక 'నక్కో', ఒక 'హౌ' వేస్తే చాలు, ముస్లిము పాత్ర తయారైనట్లే. ఇది 1999 నాటి ఆ యంత్రం చేసిన పనియే. వాక్యం రచయితదే, మనిషి ఎవరైనా ఒకటే, పైన చల్లిన రెండు మాటలు మాత్రం వేరు.

దక్కనీ అంటే 'నక్కో' కాదు. దాని ప్రాణం వ్యాకరణంలో ఉన్నది. 'లోగ్' అనే పదానికి బహువచనం 'లోగాఁ'. 'బాత్' అనే పదానికి 'బాతాఁ'. 'ఆతూఁ బోల్కే బోలా' అన్న వాక్యాన్ని గమనించండి. 'వస్తానని చెప్పాడు' అని దాని అర్థం. అందులోని 'బోల్కే' చేస్తున్న పని మన 'అని' చేసే పనియే. శతాబ్దాలపాటు తెలుగువారి ఇరుగుపొరుగున బ్రతికిన ఉర్దూ, తెలుగు వాక్యం నడకను తనలో నిలుపుకొన్నది. రెండు జాతుల సహజీవన చరిత్ర ఆ చిన్న మాటలో ఇమిడి ఉన్నది. దక్కనీని నిజంగా వ్రాయదలచినవారు ఈ నడకను పట్టుకొనాలి. రెండు పదాలను ఏరుకొని నవ్వులకు వాడుకొనేవారికి ఈ చరిత్ర కనబడదు.

మన ప్రాచీనులు ఈ విషయంలో మనకంటె విశాలహృదయులు. శాకుంతలంలో దుష్యంతుడు సంస్కృతం పలుకగా శకుంతల ప్రాకృతం పలుకుతుంది. జాలరి మరొక ప్రాకృతం పలుకుతాడు. అక్కడ భాషాభేదం అంతస్తును సూచించిన మాట నిజమే. అయినను నాటకానికి హృదయమైన శకుంతల మాట ప్రాకృతంలోనే ఉన్నది; దానిని విని ఎవరూ నవ్వరు. ఇక గురజాడవారి 'కన్యాశుల్కం'లో గిరీశం, మధురవాణి, అగ్నిహోత్రావధానులు ఎవరి పలుకుబడిలో వారు మాట్లాడుతారు. గిరీశం ఆంగ్లపదాలు అతనికి తగిలించిన తోకలు కావు. అతని బడాయి, అతని బ్రతుకు అంతా వాటిలోనే ఉన్నది. వాటిని తీసివేస్తే గిరీశమే మిగలడు. యాస వ్యక్తిత్వమైనదా, వేషమైనదా అని తేల్చుకొనడానికి ఇంతకంటె మంచి పరీక్ష లేదు.

ఇవి ఆటలు గదా, వినోదానికి ఇంత విచారమెందుకు అనేవారున్నారు. వినోదంలోనే మనిషి అప్రయత్నంగా నేర్చుకొంటాడు. ఏ యాస విన్నపుడు నవ్వాలో, ఏ యాస విన్నపుడు గౌరవించాలో ఎవరూ పాఠశాలలో బోధించరు. తెరముందు కూర్చున్నపుడే అది మనస్సులో నాటుకొంటుంది. తన ఇంటిమాట నవ్వుల వస్తువైనదని గ్రహించిన పిల్లవాడు తరగతిలో నోరు విప్పడానికి జంకుతాడు. తెలిసిన జవాబును కూడ మ్రింగివేస్తాడు. ఆ మౌనానికి మూల్యం చెల్లించేది ఆ పిల్లవాడే.

నేడు ఈ విషయం మరింత అవసరమైనది. ఆనాటి యంత్రం కొన్ని అక్షరాలను మాత్రమే మార్చగలిగేది. నేటి కృత్రిమ మేధ ఏ వాక్యాన్నైనా, ఏ ధోరణిలోనైనా, క్షణంలో తిరగవ్రాసి ఇస్తుంది. యాసలు చౌక అయిపోయిన కాలమిది. చౌక అయిన వస్తువును మనిషి ఆలోచించకుండా వాడుతాడు.

కనుక అనువాదాన్ని వృత్తిగా స్వీకరింపదలచిన మన విద్యార్థులకు మూడు మాటలు మనవి చేస్తాను. పాత్రకు యాస ఇచ్చేముందు ఆ పాత్ర కథలో దానికి కారణమున్నదా అని చూడండి. యాసను ఉచ్చారణలో గాక, వాక్యం నడకలో పట్టుకొనండి. ఏ యాసనైనా నవ్వుకోసం వాడినట్లయితే, అదే యాసలో ఆలోచించే మనిషినీ, దుఃఖించే మనిషినీ, ప్రేమించే మనిషినీ కూడ చూపండి. సెర్జ్ రెండు లోకాల నడుమ తన్ను తాను వెదకుకొన్నట్లే, రెండు భాషల నడుమ పెరిగిన మనకు ఈ పని కొత్తది కాదు. ఇల్లు ఒక భాషలో, బడి ఒక భాషలో నడిచిన వారికి ఏ మాటలో ఏ మనిషి ఉన్నాడో తెలుస్తుంది. ఆ తెలివిని సిగ్గుతో దాచుకొనక, విద్యగా సాధన చేయవలసినదని నా విన్నపం.