పాలసీలో 12వ మినహాయింపు చదివారా?

నెల్లూరులోనో హైదరాబాద్‌లోనో స్థిరపడినా, మీలో కొందరికి ఉదయగిరి, ఆత్మకూరు వైపు సొంతిల్లుంటుంది. ఆ ఇంట్లో తమ్ముడో, బావో, పెదనాన్న కొడుకో మత్తుకు అలవాటుపడి ఉండొచ్చు. మద్యం, గంజాయి, చీటీ లేకుండా కొనే నిద్రమాత్రలు... ఏదైనా కావచ్చు. శుభకార్యాల్లో అతని ఊసెత్తరు. బీమా ప్రీమియం కట్టేటప్పుడూ అంతే.

ఒకసారి బీరువాలోంచి ఆ పాలసీ తీయండి. 2019లో ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకూ ఒకే మాటల్లో ఖరారు చేసిన మినహాయింపుల్లో 12వది చూడండి: మద్యపానం, మాదకద్రవ్యాల వ్యసనం, వాటి పర్యవసానాలకు చేసే చికిత్స. చాలా పాలసీల్లో ఇది ఉంటుంది. ‘పర్యవసానాలు’ అన్న మాటే అసలు చిక్కు. కాలేయం చెడినా, క్లోమం వాచినా, కారణం మద్యమని కేస్‌షీట్‌లో పడితే క్లెయిమ్ ఆగిపోవచ్చు.

చట్టం ఇలా లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వాడకంతో వచ్చే మానసిక సమస్యలనూ జబ్బుల్లోనే చేర్చింది. శరీరానికొచ్చే జబ్బులతో సమానంగా వీటికీ బీమా ఇవ్వాలని 21వ సెక్షన్ చెబుతోంది. చట్టం ఇచ్చినదాన్ని చిన్న అక్షరాల వాక్యం లాగేసుకోవడం అన్యాయం. ఐఆర్‌డీఏఐ దీన్ని తొలగించాలి.

అప్పటిదాకా ఏం జరుగుతోంది? ‘అలవాట్లేమీ లేవండీ’ అని ఇంటివాళ్లు డాక్టరుకు అబద్ధం చెబుతున్నారు. రోజూ తాగే మనిషి కాలు విరిగి నెల్లూరు ఆసుపత్రిలో చేరాడనుకోండి. మందు ఆగిపోతుంది. రెండు మూడు రోజులకు చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, ఎక్కడున్నాడో తెలియదు, లేనివాళ్లతో మాట్లాడతాడు. గాలి సోకిందనుకుంటారు. వైద్యులు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వెంటనే చూడకపోతే ప్రాణం పోవచ్చు. మొదటిరోజే నిజం చెబితే మందులతో, బి1 విటమిన్ ఇంజెక్షన్లతో చాలావరకు ఆపొచ్చు. గదిలో పెట్టి తాళం వేసి మాన్పిద్దామనుకోవడం కూడా ఇంతే ప్రమాదం. రోజూ వాడే నిద్రమాత్రలు ఒక్కసారిగా ఆపినా ఫిట్స్ రావచ్చు. క్లెయిమ్ పోతుందని డాక్టరు దగ్గర దాచకండి.

మెట్టలో దూరం ఇంకో సమస్య. ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు 100 కిలోమీటర్లు. వ్యసన చికిత్సంటే పది రోజులు పడుకుని లేచి రావడంతో అయిపోదు. నెలల తరబడి డాక్టరుకు చూపించుకోవాలి. బీమా సాధారణంగా ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తుంది. ప్రతిసారీ ఇద్దరికి బస్సు చార్జీలు, పోయిన కూలి ఎవరిస్తారు? ఉదయగిరి, ఆత్మకూరు ప్రభుత్వాసుపత్రులకు వారానికొక రోజైనా మానసిక వైద్యుడు రావాలి. దేశంలో మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని 2019లో ఎయిమ్స్ సర్వే తేల్చింది. 1992లో సారాపై తిరగబడిన దూబగుంట కూడా ఈ మెట్టలోదే, కలిగిరి మండలంలో ఉంది. ఆ ఆడవాళ్ల పోరాటంతో మరుసటేడు రాష్ట్రమంతా సారా దుకాణాలు మూతపడ్డాయి. తాగుడు మానలేని మగవాడికి వైద్యం చేయించే బాధ్యత మాత్రం ఎవరూ తలకెత్తుకోలేదు.

మీవాళ్ల కోసం ఈరోజే అడగాలంటే 14446కు ఫోన్ చేయండి. వ్యసన విముక్తికి జాతీయ హెల్ప్‌లైన్ ఇది, ఉచితం. దిగులు, నిద్రలేమి కూడా ఉంటే టెలీ మానస్ 14416. నెల్లూరు ప్రభుత్వాసుపత్రికి వెళితే డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవలో ఏమేం వర్తిస్తాయో ఆరోగ్యమిత్రను అడగండి. గంజాయి మాటెత్తితే కేసు పెడతారని భయపడుతుంటారు. కొద్ది మోతాదు కేసులో ఉన్న బాధితుడు తానుగా ప్రభుత్వం గుర్తించిన చోట చికిత్సకు చేరితే, మధ్యలో మానకుండా పూర్తిచేస్తే, ఎన్‌డీపీఎస్ చట్టం 64ఎ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది.

ఇక క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకోండి. ముందు కంపెనీకే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోగా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఊళ్లో ఉన్నవాళ్లకు ఆ ఉత్తరం రాసిపెట్టే మనిషి కావాలి, అంతే.